ఒహాయో గింజ నాటితే మూడాకుల తీగ వచ్చింది. ఇది ద్రాక్షేనా?

లంక తాతయ్య:
మాది అంబాజీపేట దగ్గరండి. పోయిన ఏడాది ఒహాయోలో అమ్మాయి ఇంట్లో ఐదు నెలలున్నాం. ఇంటి వెనక ఏటి ఒడ్డున చెట్ల మీదికి అడవి ద్రాక్ష ఎగబాకి ఉంది. ముదురు తీగ మీద బెరడు పీచులు పీచులుగా ఊడుతోంది. సెప్టెంబరులో బఠాణీ గింజంత నల్లకాయలు, పైన బూడిద పూసినట్టు. పులుపంటే అదీ, చింతకాయ నయం. అల్లుడు వద్దంటున్నా తిన్నాను. పది గింజలు కాగితంలో చుట్టి జేబులో వేసుకొచ్చాను.

సంక్రాంతి వెళ్లాక పెయింటు బకెట్లో కాలవ గట్టు మట్టి పోసి నాటాను. వానలు పడ్డాక తీగ లేచింది, నులితీగలు కూడా వచ్చాయి. మురిసిపోయి పందిరి వేశాను. నిన్న ఒక నల్లకాయ కొరికితే గంటసేపు నాలుక దురద! మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. ఇక్కడి ఉప్పుగాలికి ద్రాక్ష ఇలా మారిపోయిందంటారా?

బోటనీ మాస్టారు:
బాబాయి గారూ, అది మారలేదు, అసలు మొలవనే లేదు. మీరు అక్కడ చూసింది వైటిస్ రిపేరియా అయి ఉంటుంది. దానికి కాడకి ఒకటే వెడల్పాకు, అంచున రంపపు పళ్లు. పువ్వుకి ఐదు రేకులు కొసన అతుక్కుని టోపీలా ఒక్కసారే ఊడిపోతాయి. మీ పందిరి మీది పువ్వుకి నాలుగు రేకులే ఉంటాయి, చూడండి. అది కైరేషియా ట్రైఫోలియా. గట్లు, కంచెలు, మడ అడవుల అంచులు, ఎక్కడైనా పాకుతుంది. నేలలో దుంప ఉంటుంది కాబట్టి మీ మట్టితోనే వచ్చింది. ద్రాక్ష కుటుంబమే లెండి, మన నల్లేరూ అంతే. నల్లేరు పచ్చిగా కొరికితే పుట్టే దురద లాంటిదే ఇదీ.

గోదారి గట్టు:
ఆ గింజలకి చలి కావాలి. రెండు మూడు నెలలు తడి ఇసుకలో ఫ్రిజ్‌లో పెడితేనే నిద్ర లేస్తాయి. లేచినా ఆడ, మగ తీగలు వేరు, ఒక్కటే ఉంటే కాయ రాదు. అయినా అనుమతి లేకుండా గింజ తేకూడదండీ. 1860లలో అమెరికా ద్రాక్ష మొక్కల వెంట వచ్చిన ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు తోటల్ని వేళ్లతో సహా తినేసింది. చివరికి ఈ రిపేరియా లాంటి అమెరికా వేరుమొక్కల మీద అంటు కట్టుకునే బయటపడ్డారు. గింజతో ఆ పురుగు రాకపోవచ్చు, రూలు మాత్రం రూలే. కాల్చేయండి.

ఊరికే చూసేవాణ్ణి:
మీ అల్లుడు అన్నదీ నిజమే. అక్కడే మూన్‌సీడ్ అని విషపు తీగ ఉంది, అచ్చం ఇలాంటి కాయలే. దానికి నులితీగలుండవు. కాయలో ఒకటే గింజ, నెలవంకలా. మీ గింజలెలా ఉన్నాయి?

లంక తాతయ్య:
బొట్టులా ఉన్నాయండి, కింద చిన్న మొన. హమ్మయ్య. బకెట్ తిరగేశాను, మాస్టారు చెప్పిన దుంప దొరికింది. పక్కనే నాలుగు గింజలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొయ్యిలో వేసేశాను. పందిరి మీదికి ఆనప పాదు ఎక్కిస్తున్నాం.