ఆల్విన్ క్లార్క్: నీళ్లలో 105 ఏళ్లు నిలిచిన స్కూనర్ ఒడ్డున 25 ఏళ్లకే ఎలా పోయింది?

సరస్సుతీరం (ప్రశ్న):
అమెరికా మహా సరస్సుల సరుకు ఓడల గురించి చదువుతుంటే ఆల్విన్ క్లార్క్ దగ్గర ఆగిపోయాను. 1846లో మిషిగన్ రాష్ట్రం ట్రెంటన్‌లో కట్టిన రెండు తెరకొయ్యల స్కూనర్, అంటే తెరచాపలతో నడిచే ఓడ. 1864 జూన్ 29న మిషిగన్ సరస్సులోని గ్రీన్ బే అఖాతంలో ఈదురుగాలికి మునిగింది. 1967లో చేపల వల తగులుకుంటే ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే డైవర్ దిగి చూశాడు. 1969లో ఓడను ముక్కలు కాకుండా మొత్తంగా పైకి తెచ్చారు. 1994లో అదే ఓడను యంత్రాలతో కూల్చి తీసేశారు. అడుగున అంత గట్టిగా నిలిచిన కొయ్య ఒడ్డున ఎందుకు కుళ్లింది? కాపాడే దారి అప్పటికి లేదా?

పాతకొయ్య:
ముందు మునక సంగతి. ఓడ విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒకాంటో రేవు వైపు కలప కోసం ఖాళీగా వెళ్తోంది. కడుపులో బరువు లేదు, పైన తెరచాపలు నిండుగా ఉన్నాయి, సరుకు గది శుభ్రం చేయడానికి మూతలు తీసి ఉన్నాయి. గాలి ఒక్కసారిగా పక్కనుంచి కొట్టేసరికి ఒరిగింది, తెరిచిన మూతల్లోంచి నీళ్లు దిగాయి. సరస్సుల ఓడలకు ఇంకో ఇబ్బంది: రేవులు లోతు తక్కువ కాబట్టి అడుగు చదునుగా కట్టి, మధ్యలో పైకీ కిందికీ జరిపే పలక పెట్టేవారు. సరుకు లేనప్పుడు అలాంటి ఓడలో తెరచాపలు దించడం ఆలస్యమైతే ఒరుగు ఆపడం చాలా కష్టం.

ఇక కొయ్య నిలవడానికి మొదటి కారణం ఉప్పు లేకపోవడం. సముద్రంలో కొయ్యను తొలిచే ఓడపురుగు, టెరిడో, మంచినీటిలో బతకదు. రెండోది చలి: 110 అడుగుల లోతున నీళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉష్ణోగ్రతకు కొద్ది డిగ్రీల పైనే ఉంటాయి. మూడోది లోపల నిండిన బురద. అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కుళ్లబెట్టే బూజు పెరగదు. మన కోరంగి, తాళ్లరేవుల్లో కట్టిన కొయ్య ఓడలు బంగాళాఖాతంలో మునిగితే ఇలా దొరకవు. బురదలో కూరుకున్న భాగం మిగలొచ్చు, బురద పైన ఉన్నదాన్ని పురుగు తినేస్తుంది.

నీటిచెక్క:
పాతకొయ్య గారు చెప్పింది నిజమే, కానీ అడుగున కొయ్య చెక్కుచెదరలేదు అనుకోవడం పైచూపు మాత్రమే. చలి, ఆక్సిజన్ కొరత బూజును ఆపుతాయి, కొన్ని రకాల బ్యాక్టీరియాను పూర్తిగా ఆపవు. అవి కణాల గోడల్లోని సెల్యులోజును మెల్లగా తింటాయి. ఖాళీ అయిన చోట నీళ్లు చేరతాయి. ఆకారం నిలబెడుతున్నది ఆ నీళ్లే.

పైకి తీసే పని మాత్రం అద్భుతంగా చేశారు. సరుకు గదిలోని బురదను పంపులతో తోడారు, తెరకొయ్యలు విడిగా తీశారు, నీటి ధారతో ఓడ కింద సొరంగాలు తొలిచి ఉక్కు తీగలు దూర్చారు. లోపలి నీళ్లు తోడేశాక తన పలకల మీదే తేలింది. నీళ్లు తాగి ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. ఆరడం మొదలవగానే ఆ బిగువే పోతుంది.

ఓడను మిషిగన్ రాష్ట్రం మెనామినీ ఊరి ఒడ్డున జనం చూడటానికి పెట్టారు. ఆరేటప్పుడు కణాల్లోని నీళ్లు వెనక్కి తగ్గుతూ బలహీనమైన గోడలను లోపలికి లాగేస్తాయి. చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టు కొయ్య అడ్డంగా కుంచించుకుని పగులుతుంది. పగుళ్లలో వాన నీళ్లు దిగుతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలి కూడా అందితే బూజుకు అంతకంటే ఏం కావాలి? చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బి పగులును ఇంకా చీలుస్తాయి. ఇనుప మేకులు తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను నలుపెక్కించి పొడి చేస్తాయి.

దారి అప్పటికే తెలుసు. స్టాక్‌హోంలో 1961లో తేల్చిన వాసా ఓడ మీద 1962 నుంచి 1979 దాకా, 17 ఏళ్లు, పాలీఇథిలీన్ గ్లైకాల్ చల్లారు. ఈ మైనం లాంటి పదార్థం నీటి చోట చేరి గోడలను నిలబెడుతుంది. పలచటి ద్రావణంతో మొదలుపెట్టి మెల్లగా చిక్కన పెంచాలి, తొందరపడి చిక్కటిది పోస్తే నీళ్లు బయటికి లాగేసి కణాలు కూలతాయి. తర్వాత ఏళ్ల తరబడి తేమ అదుపులో ఉంచి ఆరనివ్వాలి. అంటే కప్పు, గోడలు, పంపులు, జీతాలు, దశాబ్దాల ఖర్చు. వాసాకు స్వీడన్ ప్రభుత్వం ఉంది. ఇక్కడ భారం దాదాపు అంతా ప్రైవేటు చేతుల మీదే పడింది. ఓడను ఎత్తకముందే ఆ డబ్బు పక్కన పెట్టుకోవాల్సింది, నా దృష్టిలో అసలు లోపం అదే.

సరస్సుతీరం:
ధన్యవాదాలండీ. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క దొరికితే దాని పరిస్థితి ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఎవరైనా ఇలా ఓడ ఎత్తొచ్చా?

నీటిచెక్క:
గుండుసూదితో గుచ్చి ఎంత లోతు దిగుతుందో చూడటం మొదటి మెట్టు. తర్వాత చిన్న నమూనా తడిగా తూచి, 105 డిగ్రీల వేడిలో బరువు మారనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూస్తారు. తడి 150 గ్రాములు, పొడి 50 గ్రాములు వస్తే, పోయిన 100ను 50తో భాగించి, తేమ 200 శాతం అంటారు. 185 లోపు ఉంటే మధ్యలో గట్టి చెక్క ఉన్నట్టు, 400 దాటితే బాగా చెడినట్టు. ఈ పరీక్షలో నమూనా పాడవుతుంది, కాబట్టి ఇంట్లో చేయొద్దు. ముక్క కనిపిస్తే తీయకుండా ఫొటో, చోటు రాసుకుని ఆ రాష్ట్ర పురావస్తు శాఖకు చెప్పండి. ఇప్పటికే తీసి ఉంటే ఆరనివ్వకండి, సరస్సు నీటిలోనే ముంచి చీకటిగా, చల్లగా ఉంచండి.

పాతకొయ్య:
చట్టం సంగతి: 1987 నాటి అబాండన్డ్ షిప్‌రెక్ యాక్ట్‌తో రాష్ట్రాల నీళ్లలో కూరుకుని ఉన్న, వదిలేసిన ఓడల మీద హక్కు రాష్ట్రాలదే. అనుమతి లేకుండా మేకు కూడా తీయకూడదు. అందుకే 1912లో క్రిస్మస్ చెట్లతో మునిగిన స్కూనర్ రౌజ్ సిమన్స్‌ను అడుగునే ఉంచి కొలతలు తీస్తున్నారు. అక్కడా ఒక తొందర ఉంది: క్వాగా ఆల్చిప్పలు గుంపులుగా అతుక్కుని బరువు పెంచుతాయి, ఇనుప భాగాల తుప్పును వేగం చేస్తాయి. పలకల అంచులు, మేకుల వరుసలు కనిపించకుండా కప్పేస్తాయి. కాబట్టి ఫొటోలు, కొలతలు ఈ ఏడాదివి వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా తీయాలి.