కుక్కకూ పిల్లికీ ఏ రకం బీమా తీసుకోవాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)
మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్, వీధిలో దొరికితే తెచ్చి పెంచుకుంటున్న మగపిల్లి ఉన్నాయి. కిందటి వానాకాలంలో గోమార్ల వల్ల కుక్కకు జ్వరం వచ్చి, రక్త పరీక్షలకూ మందులకూ బాగా ఖర్చయింది. అందుకే రెండింటికీ బీమా చేయించాలనుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో చదివిన చోటల్లా జీవితకాల పాలసీయే మేలని రాశారు. ఇక్కడి ఏజెంటు మాత్రం కుక్క ఖరీదు ఎంత అని అడుగుతున్నారు. కొనని పిల్లికి ఖరీదు ఏమని చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (సీతమ్మధార)
అమ్మా, మీరు చదివిన ‘జీవితకాల పాలసీ’ అన్న విభజన బ్రిటన్‌ది. అక్కడ ఒక జబ్బుకు పన్నెండు నెలలు మాత్రమే చెల్లించి ఆపేసే పాలసీలు ఉన్నాయి. ఏటా రెన్యువల్ చేయిస్తే చెల్లింపు పరిమితి మళ్లీ మొదటికి వచ్చి, మధుమేహం వంటి దీర్ఘవ్యాధికి కూడా ఖర్చు ఇస్తూ పోయే జీవితకాల పాలసీలూ ఉన్నాయి. ఆ పేర్లను ఇక్కడ వెతకడం వల్ల ప్రయోజనం లేదు. మన దగ్గర తేల్చుకోవలసింది వేరు: పాలసీ జంతువు చనిపోతే డబ్బిచ్చేదా, వైద్యానికి ఇచ్చేదా?

ప్రభుత్వ రంగ సంస్థల పాత కుక్కల పాలసీలు పశువుల బీమా పద్ధతిలో నడిచేవి. జంతువు మార్కెట్ ధరే బీమా మొత్తం కాబట్టి ఏజెంటు ఖరీదు అడిగారు. ఖరీదు లేని మీ పిల్లికీ, మన నాటు కుక్కలకూ ఆ లెక్కలో విలువే ఉండదు, నాకు అది అన్యాయంగానే తోస్తుంది. 2020లో బజాజ్ అలయంజ్ తెచ్చిన కుక్కల పాలసీలో శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చులు చేరాయి. హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో పిల్లులకు కూడా ఇస్తోంది. మీరు వైద్య ఖర్చు ఇచ్చేదే తీసుకోండి.

సమాధానం (గాజువాక, పశువైద్యశాలలో పనిచేస్తాను)
పై సలహా సరైనదే కానీ, ‘వైద్య ఖర్చు’ అన్న మాట దగ్గర ఆగి చూడండి. గోమార్ల జ్వరానికి సాధారణంగా కుక్కను ఆసుపత్రిలో ఉంచరు. రక్తం పరీక్షించి, నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇంటి దగ్గరే వేయమంటారు. ఆసుపత్రిలో చేర్చితేనే చెల్లించే పాలసీ మీకు ఆ ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. గోమార్లు ఇంతగా పట్టే మన తేమ ఊళ్లో ఓపీ ఖర్చు ఇచ్చే భాగం తప్పక ఉండాలని నా అభిప్రాయం. ఇదివరకు వచ్చిన జ్వరాన్ని ప్రతిపాదన పత్రంలో (బీమా దరఖాస్తులో) దాచకుండా రాసి, అది తిరగబెడితే పాత జబ్బుగా లెక్కిస్తారా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు తీసి ఉంచుకోండి. లాబ్రడార్లకు తుంటి కీలు వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది కనుక, వంశపారంపర్య వ్యాధులను మినహాయించారేమో కూడా చూడండి.

పిల్లి సంగతి వేరు. మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోతే మట్టి పెట్టెలో పదేపదే కూర్చుని ముక్కుతుంది, చుక్క కూడా రాదు. అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే స్థితి. గొట్టం వేసి, కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచవలసి వస్తుంది. కాబట్టి దానికి ఆసుపత్రి ఖర్చు ముఖ్యం.

క్లెయిములో ముందు అడిగేది టీకాల కార్డు. సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరు, తేదీ, వైద్యుడి సంతకం, ముద్ర ప్రతి టీకాకూ ఉండాలి.

సమాధానం (మద్దిలపాలెం)
కుక్కను బీచ్ రోడ్డుకు తీసుకెళ్లేవారైతే మూడో వ్యక్తికి కలిగే నష్టాన్ని భరించే భాగం కూడా చేర్చుకోండి. కుక్క ఎవరినైనా కరిస్తే నష్టపరిహారం మీ మీద పడుతుంది. యజమాని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద వచ్చే శిక్షను మాత్రం ఏ బీమా తప్పించదు.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. కుక్కకు ఓపీతో కలిపి, పిల్లికి ఆసుపత్రి ఖర్చుకు తీసుకుంటాను. మా పిల్లిలాంటి నల్లపిల్లులు మా వీధిలో చాలా ఉన్నాయి. క్లెయిము వేళ ఇది మాదేనని ఎలా నిరూపించాలి?

సమాధానం (గాజువాక)
మైక్రోచిప్ వేయించండి. మెడ వెనుక చర్మం కింద ఇంజెక్షన్ లాగే వేస్తారు, మత్తు అవసరం లేదు. ఆ పదిహేను అంకెల నంబరును టీకాల కార్డులోనూ ప్రతిపాదన పత్రంలోనూ ఒకేలా రాయించండి.