నత్తగుల్లలన్నీ ఒక రేవు సరే, ఈ చిప్పది ఏ రేవు?

రేవుగట్టు: నాలుగు రోజులుగా ఒక సామెత నన్ను వదలడం లేదు. "నత్తగుల్లలన్నీ ఒక రేవు, ముత్యపు చిప్పలన్నీ ఒక రేవు." మా నాయనమ్మ "ఒక రేవుకు" అనేది. ఆ "కు" అసలు ఉందా? విశాఖ రాళ్ల మీద లింపెట్లనే సముద్రపు ప్రాణులను చూస్తుంటే గుర్తొచ్చింది. చిన్న గొడుగులా ఒంటి పెంకు. వేలు తగిలిందో లేదో, ఇక ఊడిరానంతగా రాతిని కరుచుకుంది. దీన్ని గుల్ల అనాలా, చిప్ప అనాలా?

పాతతాటాకు: "కు" ఉంటే చేరడం, లేకుంటే ఉండడం. "రేవు" దగ్గర ఆపితేనే సామెతకు నడక. ఇక గుల్ల అంటే లోపల బోలు, చిప్ప అంటే మూకుడులా తెరుచుకున్నది. కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప. మీది చిప్పే, సందేహం లేదు.

ఉప్పుగాలి: మోకాలి చిప్ప బాగా గుర్తుచేశారు! దాని లాటిన్ పేరు పటెల్లా, అంటే చిన్న పళ్లెం. యూరప్ తీరపు లింపెట్ల ప్రజాతి పేరూ అదే. విశాఖ రాళ్ల మీద బాగా కనిపించేది సెల్లానా రేడియేటా. అయితే ఇవి పుట్టుకతో చిప్పలు కావండీ. నీళ్లలో ఈదే పిల్లకు ఉండేది గుల్లే. నత్తకున్నట్టు దానికి మూత కూడా ఉంటుంది. రాతి మీద కుదురుకున్నాక మూత పోతుంది, పసి గుల్ల రాలిపోతుంది, అంచు వెంట కొత్త పెంకు పెరిగి గొడుగవుతుంది.

పాతతాటాకు: చుట్టలు తిరిగిన గుల్లేనా? అయితే నత్తల రేవే.

ఉప్పుగాలి: చుట్టలు అనకండి, వంగిన చిన్న గిన్నె అంతే. మెలిక ఉన్నది ఒంట్లో. పిల్ల దశలోనే లోపలి అవయవాలు 180 డిగ్రీలు తిరుగుతాయి, పెద్దయినా ఆ మెలిక పూర్తిగా విడిపోదు. రాతిని పట్టే కండరం మాత్రం గుర్రపు నాడాలా, తలవైపు తెరుచుకుని ఉంటుంది. పైకి చిప్ప, లోపల నత్త. పటెల్లా వల్గాటాలో మరో వింత: చిన్నప్పుడు మగవి, పెరిగాక చాలావరకు ఆడవవుతాయి.

పద్యప్రియ: చిప్ప అనగానే నాకు ఏనుగు లక్ష్మణకవి నీటి పద్యమే. శుక్తి అంటే ముత్యపు చిప్పేగా. "ఆ నీరమె శుక్తిలోఁబడి మణిత్వముఁ గాంచు." "లోఁబడి" అంటే లోపల పడి అని బడిలో చెప్పారు. నాకు మాత్రం చిప్పకు లొంగి అనే తోస్తుంది. లొంగినందుకే మణి అయింది.

పాతతాటాకు: అందమైన ఊహే గానీ పద్యం ఒప్పుకోదమ్మా. అదే నీరు కాలిన ఇనుము మీద "నిల్చి", తామరాకు మీద "సంస్థితమై" అన్నాడు. రెండూ ఉనికే. మూడోది మాత్రం లొంగుబాటు ఎలా అవుతుంది?

పద్యప్రియ: ఆ రెండు చోట్లా "పడి" అనలేదుగా? ఇక్కడే ఎందుకు మార్చాడు?

రేవుగట్టు: పెద్దలారా, నా "కు"?

పాతతాటాకు: ఉండండి, ముందు ఈ "పడి" తేలనివ్వండి.