శ్వేత కుబ్జతారల్లో ‘స్పందనం’: ఏది అవును, ఏది కాదు

– జంటతారల్లోని శ్వేత కుబ్జాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారల) గురించి రాసేటప్పుడు వెలుగు ఏ కారణంగా హెచ్చుతగ్గులైనా ‘స్పందన’ అనే రాసేస్తున్నారు. అలాంటి ఒక జంటతార గురించి ‘ఏఆర్ స్కార్పియై రెండు నిమిషాలకోసారి స్పందిస్తుంది’ అంటే ఎవరికో బదులిస్తున్నట్టుంది. ‘కంపనం’ అంటే సరిపోదా?

– సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠం చూడండి: ‘స్పది కించిచ్చలనే’. కొంచెంగా కదలడం. తార తనలో తాను అదరడానికి ఇంతకన్నా అతికే మాట లేదండి. బదులివ్వడమనే అర్థం వాడుకలో వచ్చి చేరింది కాబట్టి శాస్త్రానికి ‘స్పందనం’ అని చివర సున్నాతో ఉంచుకుందాం. కంపనం తీగకూ నేలకూ ఎలాగూ ఉంది. అసలు పొరపాటు వేరు: ఏఆర్ స్కార్పియైది స్పందనమే కాదు.

అక్కడ శ్వేత కుబ్జం భ్రమణానికి 117.1 సెకన్లు, జంట పరిభ్రమణానికి 3.56 గంటలు, అంటే దాదాపు 12,830 సెకన్లు. వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం 118.2 సెకన్ల లయ. కుబ్జం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి తోడుతార కాస్త ముందుకు జరిగి ఉంటుంది, దాన్ని అందుకోవడానికి ఇంకో సెకను పైచిలుకు పడుతుంది. దీనికి మనకు చక్కటి మాట ఉంది, ధ్వని పాఠంలోని ‘విస్పందనం’ (బీట్), అంటే రెండు లయల తేడా నుంచి పుట్టే మూడో లయ. తీసివేయాల్సింది పౌనఃపున్యాలను: 1/117.1 − 1/12,830 = 1/118.2. సెకన్లలోంచి సెకన్లు తీసేస్తే లెక్క తప్పుతుంది.

– మరి అసలు స్పందనం ఎక్కడ?

– జీడబ్ల్యూ లిబ్రే అనే మరో జంటతారలో. తోడుతార నుంచి పదార్థం లాక్కునే కుబ్జాల్లో స్పందనం మొదట బయటపడింది దీనిలోనే, 1998లో. ఆవర్తన కాలాలు సుమారు 237, 376, 646 సెకన్లు. ‘ఉబ్బి తగ్గుతుంది’ అని మాత్రం రాయకండి. ఉపరితలం మీద ఒక పక్క వేడెక్కుతుంటే మరో పక్క చల్లబడుతుంది, కదిలిన పొరను వెనక్కి లాగేది గురుత్వం.

– ఈ స్పందనంలో భ్రమణం కూడా తొంగి చూస్తుందిగా? దాన్ని ‘విభజన’ అంటున్నారు.

– ‘చీలిక’ నయం. భ్రమణం వల్ల ఒక పౌనఃపున్యం దగ్గరదగ్గరగా మూడుగా, అంటే పౌనఃపున్యాల పటంలో మూడు గీతలుగా చీలుతుంది. రోజుకోసారి తిరిగే తారలో పక్కపక్క గీతల ఎడం 5.8 మైక్రోహెర్ట్జ్, భ్రమణ పౌనఃపున్యంలో సగం. కాబట్టి రెండు చివరి గీతల ఎడం 11.6. ఒకే చోటి నుంచి రాత్రిళ్లు మాత్రమే చూస్తే, పగటి ఖాళీల వల్ల పుట్టే దొంగ గీతల ఎడమూ సరిగ్గా అంతే! అందుకే వేర్వేరు రేఖాంశాల నుంచి ఎడతెగకుండా చూడాలి.

– అయితే ఆ మొదటి వాక్యాన్ని ఎలా దిద్దమంటారు?

– ‘ఏఆర్ స్కార్పియై 118 సెకన్లకోసారి మెరుస్తుంది.’