సినిమా కాపీని 'పైరసీ' అనడం సబబేనా?

అడయార్ అబ్బాయి: పండక్కి ఊరెళ్తే మా బావ ఫోన్‌లో కొత్త సినిమా కెమెరా ప్రింట్ చూస్తున్నాడు, ఎవడిదో తల తెరకి అడ్డంగా నడుచుకుంటూ పోతోంది, జనం ఈలలు కూడా పడ్డాయి అందులో. పైరసీ కదా బావా అంటే "నేనేమన్నా ఓడ దోచానా" అన్నాడు. చెన్నై వచ్చాక ఆలోచిస్తే ఆయన మాటా నిజమే అనిపిస్తోంది. పైరసీ అంటే అసలు సముద్రంలో ఓడలు దోచడం కదా, ఓడ దోచితే సరుకు పోతుంది, ఇక్కడ నిర్మాత సినిమా నిర్మాత దగ్గరే ఉంది. ఆ పేరు సినిమావాళ్ళు అంటగట్టిందే కదా?

పెరంబూరు పంతులు: కాదు తమ్ముడూ. గ్రీకులో పెయిరాటెస్ అంటే దాడికి తెగబడేవాడు, అది లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 1603లోనే థామస్ డెక్కర్ అనే ఇంగ్లీషు రచయిత 'మాటల పైరేట్లు' అని తిట్టాడు. వాళ్ళ మొదటి కాపీరైట్ చట్టం 1710లో అమల్లోకి వచ్చింది, అంటే తిట్టు చట్టానికి నూరేళ్ళ పెద్ద.

సెక్షన్ సుబ్బడు: తిట్టు తిట్టే, చట్టం చట్టమే పంతులుగారూ. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 శిక్ష వేసేది 'ఉల్లంఘన'కి, గరిష్ఠంగా మూడేళ్ళు. సముద్రపు దొంగల మీద చేసిన 2022 చట్టంలో యావజ్జీవం, ప్రాణం పోతే మరణశిక్ష దాకా ఉంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1985లో డౌలింగ్ కేసులో కాపీరైట్ ఉల్లంఘన, దొంగతనం అచ్చంగా ఒకటి కాదనే చెప్పింది.

పెరంబూరు పంతులు: మరి కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 బెర్న్ ఒప్పందం ఇంగ్లీషు పాఠంలో 'పైరేటెడ్' అన్న మాటే ఉందిగా?

సెక్షన్ సుబ్బడు: ఫ్రెంచి పాఠం చూడండి, అక్కడున్న మాటకి అర్థం 'నకిలీ'.

టీనగర్ అత్తయ్య: మీరిద్దరూ ఎక్కడెక్కడికో వెళ్ళారు గానీ, బర్మాబజార్‌లో సీడీలు అమ్మే రోజుల్లో మా ఇంట్లో అందరం 'దొంగ ప్రింట్' అనేవాళ్ళం. దొంగ నోటు, దొంగ సంతకం, దొంగ ఏడుపు, వీటిల్లో ఎవరన్నా ఏమన్నా ఎత్తుకుపోయారా? అసలుది కాదని అర్థం. సుబ్బడి ఫ్రెంచి మాట మనింట్లోనే ఉంది. పోనీ గ్రంథచౌర్యం అందామంటే అది వేరు, పక్కవాడి రాత మీద తన పేరు వేసుకోవడం. మీ బావ చూసినదాంట్లో దర్శకుడి పేరు అలాగే ఉంటుంది కదా బాబూ.

అడయార్ అబ్బాయి: పేరు పడే ముక్క లేదు అత్తయ్యా, తీసినవాడు థియేటర్‌కి లేటుగా వెళ్ళినట్టున్నాడు.