రామ్‌స్టైన్ దగ్గర సైనిక కుటుంబాల మధ్య సేవ: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

నమస్కారం. ఉద్యోగ విరమణ తర్వాత యూటాలో స్థిరపడిన తెలుగు దంపతులం మేము. కడవరి దిన పరిశుద్ధుల సంఘం (చాలామంది మోర్మన్ చర్చి అని పిలిచే క్రైస్తవ సంఘం) తరఫున, సొంత ఖర్చులతో, మూడు నెలలుగా జర్మనీలోని కైజర్స్‌లాటర్న్ ప్రాంతంలో సేవ చేస్తున్నాం. రామ్‌స్టైన్ వైమానిక స్థావరం, లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రి ఉన్న ఈ ప్రాంతం, అమెరికా వెలుపల ఉన్న అమెరికన్ సైనిక సముదాయాలన్నింటిలోకీ పెద్దది. స్థావరంలో మతప్రచారం చేయకూడదు గనుక, సంఘ సభ్యులను పలకరించడం, ఆదివారం ఆరాధనలో సాయపడడం, సోమవారం సాయంత్రం యువ సైనికులకు మా ఇంట్లో భోజనం పెట్టడమే మా పని. భోజనాల దగ్గర ఇబ్బంది లేదు. మా ఆవిడ పులిహోర కలిపిన రోజు గిన్నె అడుగంటా ఖాళీ.

ఇబ్బందంతా ఇళ్ళకు వెళ్ళినప్పుడే. మొన్న గురువారం, భర్త విధుల మీద దూరదేశం వెళ్ళిన ఒక అమ్మాయి చంకలో పసిబిడ్డతో తలుపు తీసి, అంతా బాగానే ఉందన్నది. ఆమె వెనక గదిలో సామాను పెట్టెలు ఇంకా విప్పకుండానే ఉన్నాయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మేము తెచ్చిన రొట్టె చేతికిచ్చి గుమ్మంలోంచే వచ్చేశాం. మన ఊళ్ళో అయితే అడగకుండానే లోపలికెళ్ళి పాలు దింపేవాళ్ళం; ఇక్కడ అది చొరబాటు అనిపించుకుంటుందేమోనని జంకు.

ఇలాంటి సేవ చేసినవారు, లేదా సైనికుల కుటుంబాల్లో ఉన్నవారు దయచేసి చెప్పండి: ఫలానా రోజు వచ్చి పెట్టెలు సర్దిపెడతామని ముందే సందేశం పంపవచ్చా, ఆమే అడిగేదాకా ఆగాలా? భర్త గురించి మేమే అడగడం ఊరటనిస్తుందా, బెంగ పెంచుతుందా?