‘ఓ సూపర్‌మ్యాన్’లోని ఆ ‘హ’ లూప్ ఎలా చేయాలి?

హన్మకొండ నుంచి అడుగుతున్నాను. అమెరికన్ గాయని లారీ ఆండర్సన్ 1981 పాట ‘ఓ సూపర్‌మ్యాన్’ ఎప్పుడు విన్నా నాకు గొంతు పూడుకుపోతుంది. డ్రమ్స్ లేవు, ఎనిమిది నిమిషాల పైనే నిడివి, వోకోడర్‌లో (గొంతును యంత్రం మాట్లాడినట్టు మార్చే పరికరం) మరగొంతు. అయినా బ్రిటన్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది! బిడ్డకు ఫోన్ చేసిన తల్లికి ఆన్సరింగ్ మెషిన్ పలికే చోట, ఇంగ్లిష్ రాని మా అమ్మ కూడా "పాపం, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నది" అన్నది.

పాటంతా వినిపించే ‘హ’ను ఆండర్సన్ హార్మనైజర్‌తో (గొంతు శ్రుతిని మార్చే పరికరం) లూప్ చేసిందట, అంటే అదే ముక్క మళ్లీ మళ్లీ తిరిగేలా. నేను ల్యాప్‌టాప్‌లో చేస్తే అతుకు దగ్గర టిక్కుమంటోంది, ఊపిరిలా వినిపించట్లేదు. ఎక్కడ కట్ చేయాలి? ఉచిత వోకోడర్ ఏది మంచిది? వరంగల్, కాజీపేట వైపు సౌండ్ పని తెలిసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.